రికార్డులో తాగుడు మానిన మనిషి

మొన్న మా పక్కవాటాలో అద్దెకుంటున్నవాళ్ళ అమ్మాయి బి.ఎస్.డబ్ల్యూ.లో చేరింది. చేరిన వారానికే నా దగ్గరికొచ్చి కూర్చుని, "అమ్మమ్మగారూ, మీరు కాలేజీలో ఇదే చెప్పేవారంట కదండీ. ఈ ఫీల్డ్ వర్క్ ఎగ్గొడితే ఏమవుద్దండీ?" అని అడిగింది. నా సర్వీసంతా ఇదే పాఠం చెప్పాను గానీ ఇంత సూటిగా అడిగిన పిల్లను చూడలేదు. మిగతావాళ్ళు అడక్కుండానే ఎగ్గొట్టేవారు.

ఆ పూటకి కాఫీ ఇచ్చి పంపించేశాను. అడిగినదానికి జవాబు మాత్రం ఇది. కాస్త పొడుగైంది, ఓపిక పట్టాలి.

తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. సోషల్ వర్క్ డిగ్రీ అంటే క్లాసులో కూర్చుని సమాజ శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం చదివి పరీక్ష రాస్తే అయిపోయేది కాదు. వారానికి రెండు రోజులు, మా కాలేజీలో అయితే బుధవారం, శనివారం, ఏదో ఒక ఊరికి వెళ్ళి నిజం మనుషులతో పనిచేయాలి, దాన్నే ఫీల్డ్ వర్క్ అంటారు. ఆ రోజు ఏం జరిగిందో రికార్డులో రాసి సోమవారం సూపర్‌వైజరుకి చూపించాలి. సూపర్‌వైజరు సంతకం పడితేనే ఆ రోజు హాజరు కింద లెక్క. హాజరు తగ్గితే వైవాకి, అంటే మౌఖిక పరీక్షకి, కూర్చోనివ్వరు. వైవా పోయిందంటే మిగతా పేపర్లన్నిటిలో ఫస్టు క్లాసొచ్చినా ఏడాది పోయినట్టే. తెనాలిలో మా కాలేజీలో ఆ సంతకం పెట్టే మనిషిని చాలా ఏళ్ళపాటు నేనే.

నా ఎర్ర పెన్నంటే పిల్లలకు హడలు. మార్జిను తప్పినా, అక్షరం వంకర పోయినా గీత పడేది. లోపల రాసింది జరిగిందా లేదా అన్నది మాత్రం నేనెప్పుడూ అడగలేదు. సీనియర్ల రికార్డులు జూనియర్లకు చేతులు మారేవి. పేరు మార్చి, తేదీ మార్చి, అట్ట వేసి తెచ్చేవారు. ఆ సంగతి నీకు తెలీదా అంటే, తెలుసుకోదలుచుకోలేదు. అన్ని రికార్డులూ ఒకే తోవలో నడిచేవి. మొదటి వారం క్లయింటు, అంటే మనం సాయం చేయబోయే మనిషి, మాట్లాడడు. మూడో వారం కన్నీళ్ళు పెట్టుకుంటాడు. విద్యార్థి సానుభూతితో వింటాడు. పదో వారానికల్లా సమస్య తీరిపోయి కేసు ముగుస్తుంది. కింద నేను 'గుడ్' అని రాస్తాను.

నా రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుందనగా ఆఖరి సంవత్సరం క్లాసులో ఒకమ్మాయి ఉండేది. రేపల్లె అవతల నుంచి రోజూ రైల్లో వచ్చేది. వాళ్ళమ్మ నాట్లకూ కోతలకూ వెళ్ళే మనిషి. కూతుర్ని కాలేజీలో దింపిన రోజే ఆవిడ నా ఎదురుగా చెప్పేసింది. "మూడేళ్ళు నీ జోలికి రాను. ఏం చదువుతావో చదువుకో. నాలుగో ఏడు మాత్రం నన్ను అడగొద్దు. నాతోపాటు చేలోకి రావడమే." ఆవిడ బెదిరించడానికి అన్నమాట కాదది. ఆవిడ ఒంట్లో ఉన్న ఓపిక అంతవరకే.

ఆ పిల్ల రికార్డు చూస్తే నాకు ఒళ్ళు మండేది. "బుధవారం. వెళ్ళాను. ఇంట్లో ఎవరూ లేరు. గంటన్నర కూర్చున్నాను. పక్కింటావిడ మంచినీళ్ళిచ్చింది. వచ్చేశాను." ఇంతే, ఒక పేజీకి అయిదు వాక్యాలు.

"ఇదేం రాతమ్మా? ఇందులో నువ్వు చేసిందేంటి?" అన్నాను.

"ఏం చెయ్యలేదండి మేడం. అందుకే అలా రాశానండి."

ఆ జవాబుకి ఇంకా కోపమొచ్చింది. ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి 'తిరిగి రాయి' అన్నాను. బీరువాలోంచి కిందటేడాది మంచి మార్కులొచ్చిన రికార్డొకటి తీసి చేతిలో పెట్టి, ఇది చూసి నేర్చుకో అని పంపించాను. భట్టిప్రోలు దగ్గర ఒక ఊళ్ళో తాగుడుకి బానిసైన మనిషి కథ అది. ఆ ఇల్లు స్టేషను పక్కనే మొదటి ఇల్లు. రైలు దిగిన పిల్లలు ఎక్కువ దూరం నడవక్కర్లేకుండా దొరికాడు పాపం, అదే ఆయన చేసుకున్న పుణ్యం.

మరో పిల్లయితే ఆ రికార్డు చూసి రాసుకునేది. ఈ పిల్ల దాన్ని చంకన పెట్టుకుని ఆ ఇంటికే వెళ్ళింది! సోమవారం తెచ్చిన కాగితంలో ఇలా ఉంది. "సీనియర్ రికార్డులోని క్లయింటు ఇంటికి వెళ్ళాను. ఆయన చనిపోయి నాలుగేళ్ళయిందని భార్య చెప్పింది. రికార్డు కిందటేడాదిది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ముందు లేచి వెళ్ళి గది తలుపు మూశాను. ఆ తర్వాత ఆ పిల్లమీద విరుచుకుపడ్డాను. "నువ్వు చదివేది సోషల్ వర్కా, పోలీసు ట్రైనింగా? అడిగిన పని చెయ్యి, అడగని కూపీలు లాగకు." తల వంచుకుని నిలబడింది. నేను సంతకం పెట్టలేదు.

ఆ తర్వాత కూడా ఆ పిల్ల అదే ఇంటికి వెళ్ళేది. చనిపోయినాయన భార్య దగ్గర ఆవిడ తమ్ముడు ఉంటున్నాడు. అతనూ తాగుతాడు. ఈ పిల్ల అతన్ని మావయ్య అని పిలుస్తూ, గుంటూరు ఆసుపత్రిలో తాగుడు మాన్పించే విభాగానికి తీసుకెళ్ళాలని చూస్తోంది. రెండుసార్లు బయల్దేరదీసింది. ఒకసారి స్టేషను దాకా వచ్చి వెనక్కి తిరిగాడు. రెండోసారి తెనాలిలో రైలు దిగాక మాయమయ్యాడు. వాటన్నిటికీ నేను 'ఫలితం లేదు' అని గీత కొట్టుకుంటూ పోయాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం కదా నేను.

పరీక్షలు దగ్గర పడ్డాయి. హాజరు పట్టిక చూసే మా జూనియర్ లెక్చరరు నా దగ్గరికొచ్చాడు. మనిషి మంచివాడు, రూలు పుస్తకం నోటికొచ్చు. "మేడం, ఆ రేపల్లె అమ్మాయికి పదకొండు రోజులు తగ్గాయండి. వైవాకి పంపడం కుదరదు. పోనీ రెండ్రోజులు కూర్చోబెట్టి పాత రికార్డుల్లోంచి పదకొండూ రాయిద్దామా? మీరు సంతకాలు పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది."

నాకూ అదే సబబనిపించింది. పిల్లను పిలిచి చెప్పాను. అది మెల్లగా, "రాస్తానండి మేడం. ఏడాది పోతే మా అమ్మ ఇంక చదివించదు. కానీ మీరొక్కసారి ఆ ఇంటికి రండి మేడం. చూశాక కూడా రాయమంటే రాసేస్తానండి," అంది.

నాతో బేరమాడుతుందా అని మండిపడ్డాను. మండిపడుతూనే శనివారం ఉదయం రేపల్లె రైలెక్కాను. ఎందుకెక్కానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఒకరోజు వెళ్ళి చూసొచ్చి, దీని నోరు మూయించాలనే అనుకుని ఉంటాను.

ఆ పిల్ల స్టేషనులో కలిసి నన్ను ఆ ఇంటికి తీసుకెళ్ళింది. చనిపోయినాయన భార్య చేటలో మినుములు చెరుగుతోంది. నేను కాలేజీ మేడాన్నని చెప్పగానే లేచి కొంగుతో కుర్చీ తుడిచి వేసింది. నన్ను చూసి సంతోషపడింది కూడా. అదే నాకు తర్వాత చాలా కాలం గుచ్చుకుంది.

"మీ పిల్లలు మంచోళ్ళమ్మా. ఏటా వచ్చేవాళ్ళు. మా ఆయన పేరు, వయసు, ఎంత తాగుతాడు, కొడతాడా అని అడిగి రాసుకునేవాళ్ళు. ఒకబ్బాయి మాత్రం మనసు పెట్టి మాట్లాడాడు. బుధారం వస్తాను, గుంటూరు తీసుకెళ్తాను, తయారుగా ఉండు బాబాయ్ అని చెప్పి పోయాడు. ఈయన మంగళవారం నుంచీ చుక్క ముట్టలా. చేతులు వణుకుతున్నా ముట్టలా. పొద్దున్నే తలకి పోసుకుని, ఉతికిన చొక్కా ఏసుకుని, అదిగో ఆ అరుగు మీద కూచున్నాడు. రైలొచ్చింది, పోయింది. మజ్జానం రైలూ వచ్చింది. 'చదువుకునే పిల్లాడు, ఏం పని పడిందో, వచ్చే బుధారం వస్తాడులే' అన్నాడు. ఆ వచ్చే బుధారం కూడా కూచున్నాడమ్మా. ఆ తర్వాత ఇంక కూచోలా."

మినుముల్లోంచి రాయి ఏరి పక్కన పడేసి మళ్ళీ అంది. "ఆయన పోయాక ఇద్దరు ఆడపిల్లలొచ్చారు. పోయాడమ్మా అని చెప్పా. 'పర్లేదు పిన్నీ, రికార్డుకే' అని నా చేత వేలిముద్ర వేయించుకుని పోయారు. పాపం వాళ్ళ చదువు వాళ్ళది."

ఆ అబ్బాయి నాకు గుర్తున్నాడు. ఆ రోజు నా బల్ల ముందు నిలబడి, "మేడం, వచ్చే బుధవారం గుంటూరు తీసుకెళ్తానని చెప్పానండి. రికార్డు రేపే ఇవ్వాలి కదా, ఏం రాయమంటారు?" అని అడిగాడు. నేను తల కూడా ఎత్తలేదు. "నీ రోజులు నిండాయి కదా, ఇంక వెళ్ళక్కర్లేదు. 'ఆసుపత్రికి పంపించి కేసు ముగించడమైనది' అని రాసి మూసెయ్యి," అన్నాను. చెప్పినట్టే రాశాడు. నేను 'గుడ్' అని రాశాను. ఆ మనిషి రెండు బుధవారాలు అరుగు మీద కూర్చున్నది నా చేతిరాత వల్ల.

పెరట్లోంచి తమ్ముడు వచ్చాడు. నలభై దాటని మనిషి, అరవై ఏళ్ళవాడిలా ఉన్నాడు. నాకు దణ్ణం పెట్టి ఆ పిల్ల వైపు చూసి, "బుధారం వెళ్దామంటే వస్తానమ్మాయ్. ఈసారి పారిపోను," అన్నాడు.

బయటికొచ్చి స్టేషను వైపు నడుస్తుంటే గుర్తొచ్చింది. ఆ బుధవారమే వైవా.

"గురువారం తీసుకెళ్ళు," అన్నాను.

"కొత్తవాళ్ళని అక్కడ బుధవారమే చేర్చుకుంటారండి. ఇంకో వారం ఆగమంటే ఆగడండి మేడం. వాళ్ళ బావ కూర్చున్నది కూడా బుధవారమేనండి."

"వైవా పోతే?"

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తెలుసండి," అని మాత్రం అంది.

నా వయసులో సగం కూడా లేని పిల్ల, తన ఏడాదిని పణం పెడుతోంది. నేను పణం పెట్టాల్సింది పరువొక్కటే. సిగ్గేసింది నాకు. "నువ్వెళ్ళు. ఎంత ఆలస్యమైనా సరే తిన్నగా కాలేజీకి రా. వాళ్ళు లేచిపోకుండా నేను చూసుకుంటాను," అన్నాను. చెప్పేశాను గానీ ఎలా చూసుకోవాలో నాకు అప్పటికి తెలీదు.

మంగళవారం బీరువా తీసి పాత రికార్డులన్నీ కింద పరిచాను. ఆ మనిషి ఆరు రికార్డుల్లో ఉన్నాడు. ఆరుసార్లు తాగుడు మానాడు. ఆరింటిలోనూ వయసు నలభై అయిదే, ఒక్క ఏడూ పెరగలేదు. ఆరింటి కిందా నా సంతకం ఉంది. తర్వాత ఆ పిల్ల రికార్డు తీసి, గీత కొట్టిన పదకొండు రోజుల్నీ మొదటిసారి పూర్తిగా చదివాను. చదివి పదకొండు సంతకాలు పెట్టాను. కింద తేదీ ఆ రోజుదే వేశాను. వెనకటి తేదీ వేద్దామని చెయ్యి లాగింది గానీ వెయ్యలేదు.

బుధవారం వైవా మొదలైంది. బాపట్ల నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు పెద్దాయన, సన్నగా, మితంగా మాట్లాడే మనిషి. ప్రిన్సిపాలుగారు పక్కన కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనాలకు ముందు ఆ పిల్ల నంబరు పిలిచారు. పలకలేదు. మూడుసార్లు పిలిచారు.

"ఆబ్సెంటు వేసేద్దామాండి?" అన్నారు ఎగ్జామినరు.

"వద్దండి. ఆ అమ్మాయి ఫీల్డ్ వర్క్‌లో ఉంది," అన్నాను.

"పరీక్ష రోజున ఫీల్డ్ వర్కేంటండీ!"

ప్రిన్సిపాలుగారు బల్ల కింద నా కాలు తొక్కారు. నేను కాలు పక్కకు తీసుకున్నాను. మిగతా పిల్లలందరూ అయ్యేదాకా ఆగమని బతిమాలాను. ఆయన సరేనన్నారు. అందరూ అయ్యేసరికి మూడున్నరైంది. మధ్యలో ఫోను చేస్తే, "ఇంకా లైన్లోనే ఉన్నామండి మేడం. మావయ్య నా పక్కనే ఉన్నాడండి," అంది.

ఎగ్జామినరు కళ్ళద్దాలు తీసి పెట్టెలో పెట్టుకుంటున్నారు. సాయంత్రం బాపట్ల రైలు పట్టుకోవాలి ఆయన. ఇంక దాచడానికేం మిగిలింది? ఆరు పాత రికార్డులూ, వాటి మీద ఆ పిల్ల రికార్డూ తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"ఈ మనిషి ఈ ఆరింటిలో తాగుడు మానాడండి. మానకుండానే చనిపోయాడు. చనిపోయాక కూడా ఒకసారి మానాడు. ఈ సంతకాలన్నీ నావి. పిల్లల తప్పు లేదు, రాయమన్నది నేను. ఈ ఏడోది ఒక్కటే నిజం. దీన్నే నేను పనికిరాదని పక్కన పడేశాను. నిన్ననే సంతకం పెట్టాను, తేదీ చూడండి."

ప్రిన్సిపాలుగారి ముఖం పాలిపోయింది. "ఇవన్నీ ఇప్పుడెందుకు మేడం? మనలో మనం మాట్లాడుకునే విషయాలు!"

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడండీ? అవతల ఆ పిల్ల ఏడాది పోతుంది," అన్నాను. గొంతు పెరిగింది. తగ్గించుకోలేదు.

ఎగ్జామినరు మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ పిల్ల రికార్డు చదవడం మొదలుపెట్టారు. ఒకచోట ఆగి పైకే చదివారు. "తెనాలి బస్టాండు దగ్గర మావయ్య కనపడకుండా పోయాడు. అరగంట వెతికాను. ఏడుపొచ్చింది. పునుగులు తిని ఇంటికి వచ్చేశాను." చదివి నవ్వారు. "ఇన్నేళ్ళుగా ఎగ్జామినరుగా తిరుగుతున్నానండి. ప్రతి రికార్డులోనూ క్లయింట్లే ఏడుస్తారు. ఏడ్చిన విద్యార్థిని ఇప్పుడే చూస్తున్నాను." తర్వాత గడియారం చూసుకుని, "రైలు పోతే పొన్నూరు మీదుగా బస్సుంది. టీ చెప్పించండి," అన్నారు.

అయిదుకి ఇంకా పది నిమిషాలుందనగా ఆ పిల్ల వచ్చింది. జుట్టు చెదిరి, చున్నీ అంతా చెమట పట్టి, గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. నేను తలూపాను.

ఎగ్జామినరు కూర్చోమని, మంచినీళ్ళు తాగనిచ్చి, అడిగారు. "కేసు ముగిసిందామ్మా?"

"లేదండి. చేర్చుకున్నారండి. ఉంటాడో పారిపోతాడో తెలీదండి. శనివారం మళ్ళీ వెళ్ళాలండి."

"నీ హాజరు నిండింది కదా. వైవా కూడా ఇవాళతో సరి. ఇంక శనివారం వెళ్ళి ఏం రాస్తావు?"

ఆ పిల్లకు ప్రశ్న అర్థం కానట్టుంది. నావైపు చూసి, మళ్ళీ ఆయనవైపు చూసి, "రాయడానికి కాదండి. వస్తానని చెప్పానండి," అంది.

ఆయన మరో ప్రశ్న అడగలేదు. మార్కులు వేసి సంతకం చేసి, బస్సు కోసం బయల్దేరారు. ఆ పిల్ల పాసైంది.

నాకు నెల తిరక్కుండా మెమో వచ్చింది. ఫీల్డ్ వర్క్ బాధ్యత నా దగ్గర్నుంచి తీసి జూనియరుకిచ్చారు. స్టాఫ్ రూములో కొందరు నాతో మాట్లాడటం మానేశారు. కొరివితో తల గోక్కుంది అన్నారు. గోక్కుంటే గోక్కున్నాను. మరుసటి ఏడాది, ఎవరికీ చెయ్యబుద్ధి కాక, ఆ బాధ్యత మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. మిగిలిన ఆ ఒక్క ఏడూ ప్రతి పిల్లతోనూ, ప్రతి పిల్లాడితోనూ కనీసం ఒక్కసారి ఊరికి వెళ్ళాను. ఎర్ర పెన్ను మానలేదు. 'తిరిగి రాయి' అనేదానికి బదులు 'తిరిగి వెళ్ళు' అని రాసేదాన్ని. నన్ను తిట్టుకున్నవాళ్ళు తిట్టుకున్నారు.

ఆ తమ్ముడు పన్నెండు రోజులుండి ఆసుపత్రి నుంచి పారిపోయాడు. ఆ పిల్ల మళ్ళీ తీసుకెళ్ళింది. ఇప్పుడు తాగడం లేదని నేను రాయను. రాస్తే ఇదీ పాత రికార్డే అవుతుంది. కిందటిసారి నేను వెళ్ళినప్పుడు మాత్రం తాగి లేడు. వాళ్ళక్క నాకు మినపసున్నుండలు కట్టిచ్చింది. ఆ పిల్ల రేపల్లెలో ఇదే పనిలో ఉంది. దాని దగ్గరికి కాలేజీ పిల్లలు ఫీల్డ్ వర్కుకి వస్తారు. నాకంటే కఠినమంట. సంతోషం.

ఇదీ కథ. ఇంక పక్కవాటా పిల్ల అడిగినదానికి జవాబు. ఫీల్డ్ వర్క్ ఎగ్గొడితే ఏమవుద్దీ అంటే, నీకేమీ కాదమ్మా. నాలాంటి మేడం ఎవరో ఒకరు దొరుకుతారు. సంతకం పడుతుంది, డిగ్రీ వస్తుంది. ఎక్కడో ఒక మనిషి తలకి పోసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, బుధవారం పొద్దున్నే అరుగు మీద కూర్చుంటాడు. అంతే.